సీపీయూ జాబితాలో లేని చిన్న లాప్‌టాప్‌లో విండోస్ 11 వేయడం సబబేనా?

చిన్నతెర:
12 అంగుళాల లాప్‌టాప్, ఫ్యాన్ లేనిది. కోర్ ఎం3-7వై30, 4 జీబీ ర్యామ్ (బోర్డుకే అతికించేశారు, పెంచే దారి లేదు), 128 జీబీ ఎస్‌ఎస్‌డీ. టీపీఎం 2.0 (కీలు భద్రంగా దాచే సెక్యూరిటీ చిప్) ఉంది, సెక్యూర్ బూట్ (నమ్మకమైన సంతకం లేని సాఫ్ట్‌వేర్‌తో బూట్ కానివ్వనిది) ఉంది. అయినా విండోస్ 11కి పనికొస్తుందా అని చూసే టూల్ ప్రాసెసర్ దగ్గర ఎర్ర గుర్తు పెట్టి ఆగిపోతోంది, ఎందుకంటే ఇది ఇంటెల్ ఏడో తరం, మైక్రోసాఫ్ట్ జాబితా దాదాపుగా ఎనిమిదో తరం నుంచే మొదలవుతుంది. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ అయిపోయింది. వాడేది మా అమ్మ. బ్రౌజర్, వీడియో కాల్స్, ఫొటోలు, బ్యాంకు పని, అంతే. చెక్ దాటించి 11 ఎలా వేయాలో నాకు తెలుసు, అది అడగడం లేదు. వేయడం సబబా కాదా అన్నదే ప్రశ్న. ఒక్క మాట గుర్తుపెట్టుకుని చెప్పండి, నేను ఆవిడ పక్కన ఉండను. ఏదైనా ఆగిపోతే ఫోన్‌లోనే చెప్పి చేయించాలి.

బూట్‌మెనూ:
వేసేయండి, ఇందులో అంత ఆలోచించేదేం లేదు. జాబితాలో లేని సీపీయూ మీద అప్‌గ్రేడ్ సాగడానికి రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగ్‌లు దాచుకునే చోటు) మోసెటప్ అనే కీ కింద ఏ విలువ పెట్టాలో మైక్రోసాఫ్టే తన సహాయ పేజీలో రాసింది, తర్వాత ఆ సూచన తీసేసింది గానీ కిటుకు మాత్రం పోలేదు. మీదాంట్లో టీపీఎం కూడా ఉంది కాబట్టి రూఫస్ అనే టూల్‌తో చెక్‌లు తీసేసి తయారుచేసిన పెన్‌డ్రైవ్ కూడా అక్కర్లేదు. పైగా ఏడో తరం పనికిరాదన్నవాళ్లే తమ సర్ఫేస్ స్టూడియో 2లో ఉన్న ఐ7-7820హెచ్‌క్యూని మాత్రం జాబితాలోకి ఎక్కించుకున్నారు. అదీ కేబీ లేకే (ఇంటెల్ ఏడో తరం పేరు), మీ ఎం3 కూడా కేబీ లేకే. తమ బొమ్మ ఉన్న మెషిన్ కాబట్టి అది పాసైంది, మీది ఫెయిలైంది. దీన్ని టెక్నికల్ కారణం అంటే నేను నమ్మను.

నిదానం:
సగమే చెప్పారు. ఆ చిప్‌కి మినహాయింపు ఇచ్చినప్పుడు, కొత్త డీసీహెచ్ పద్ధతి డ్రైవర్లతో వచ్చిన మెషిన్లకే అని షరతు కూడా పెట్టారు. మనకి నచ్చినా నచ్చకపోయినా కారణం అంటూ ఒకటి చెప్పారు కదా. 2021 ఆగస్టులో ఇంకో అంకె కూడా బయటపెట్టారు: కనీస అర్హత లేని మెషిన్లలో కెర్నల్ (ఓఎస్‌కి గుండెకాయ లాంటి భాగం) క్రాష్‌లు 52 శాతం ఎక్కువ, అర్హత ఉన్నవి 99.8 శాతం క్రాష్ లేకుండా నడిచాయి అని. పెద్దావిడ ఒక్కతే వాడే లాప్‌టాప్‌లో నీలం తెర వస్తే ఎంత కంగారో ఆలోచించండి.

బూట్‌మెనూ:
ఆ అంకెలే తీసుకుందాం. 99.8 క్రాష్ లేకుండా అంటే మిగిలింది 0.2. దానికి 52 శాతం కలపండి, 0.3 అవుతుంది. అంటే 99.7. ఈ తేడా కోసం బాగా పనిచేసే లాప్‌టాప్ పక్కన పడేయాలా?

నిదానం:
ఒకటి కెర్నల్ క్రాష్‌ల లెక్క, రెండోది మొత్తం క్రాష్ లేని వాడకం. రెండూ ఒకే కొలత అని ఎక్కడుంది, మీరు కలిపేసుకోవడానికి? సరే, అంకెలు వదిలేద్దాం, నా భయం నీలం తెర కాదు. అప్‌డేట్లు. ఇలాంటి మెషిన్లకి అప్‌డేట్లు పొందే హక్కు లేదు, సెక్యూరిటీవి కూడా, అని వాళ్లు రాతపూర్వకంగా చెప్పారు. నెలనెలా వచ్చేవి ఇప్పటిదాకా వస్తున్నాయి, ఒప్పుకుంటా. కానీ ఏటా వచ్చే పెద్ద వెర్షన్ మాత్రం వీటికి విండోస్ అప్‌డేట్‌లో దానంతటది రాదు. హోమ్ ఎడిషన్‌లో ఒక్కో వెర్షన్‌కి సపోర్ట్ 24 నెలలే. అంటే రెండేళ్లు తిరిగేలోగా ఎవరో ఒకరు కూర్చుని, గిగాబైట్ల ఐఎస్ఓ (ఇన్‌స్టాల్ చేసే ఫైల్) దింపి, మళ్లీ చెక్ దాటించి, సెటప్ అయ్యేదాకా చార్జర్ ఊడకుండా చూసుకోవాలి. ఆ పని అమ్మగారితో ఫోన్‌లో చేయిస్తారా? ఎవరూ చేయకపోతే రెండేళ్ల తర్వాత ఆవిడ దగ్గరుండేది మళ్లీ సపోర్ట్ అయిపోయిన విండోసే. ఇవాళ దేని నుంచి పారిపోతున్నామో అక్కడికే వస్తాం, కాకపోతే ఈసారి పేరు 11.

బూట్‌మెనూ:
రెండేళ్లకోసారి ఇంటికి వెళ్లరా ఏంటి? వెళ్లినప్పుడు ఓ గంట పని.

నిదానం:
వెళ్లినప్పుడు ఆ గంట కుదరాలి, ఐఎస్ఓ దిగాలి, అప్పటికి కిటుకు పనిచేస్తూ ఉండాలి. 2024లో 24హెచ్2 అనే వెర్షన్ వచ్చినప్పుడు ఏమైందో చూశారుగా. అప్పటిదాకా కిటుకుతో 11 హాయిగా నడిచిన బాగా పాత ప్రాసెసర్లు, పాప్‌కౌంట్, ఎస్‌ఎస్‌ఈ 4.2 ఆదేశాలు లేవన్న కారణంతో అసలు బూటే కాలేదు. రిజిస్ట్రీలో ఏం మార్చినా లాభం లేదు, ఎందుకంటే అది సెటప్‌లో పెట్టిన చెక్ కాదు, కోడే ఆ ఆదేశాలు అడుగుతోంది.

బూట్‌మెనూ:
ఎం3లో ఆ రెండూ ఉన్నాయి. ఊరికే భయపెట్టకండి.

నిదానం:
ఇవాళ ఉన్నాయి అన్నా. గీత ఈసారి ఎక్కడ గీస్తారో మీ చేతుల్లో లేదు, నా చేతుల్లో లేదు.

పాతనెట్‌బుక్:
మీ ఇద్దరి వాదనకీ చిన్న లాప్‌టాప్‌ల చరిత్రలోనే రెండు ఉదాహరణలున్నాయి. అప్పట్లో ఇవన్నీ నేను దగ్గరుండి చూసినవే కాబట్టి కాస్త వివరంగా చెప్తా.

మొదటిది 2009. నెట్‌బుక్‌ల కాలం, ఇంటెల్ ఆటమ్ ఎన్270 ప్రాసెసర్, 1 జీబీ ర్యామ్, 1024 బై 600 తెర. డెల్ మినీ 9 లాంటివాటిలో మ్యాక్ ఓఎస్ పది వేసుకుని మురిసిపోయేవాళ్లు చాలామంది ఉండేవాళ్లు, నిజంగానే బాగా నడిచేది. నవంబర్‌లో 10.6.2 అప్‌డేట్ వచ్చింది, అందులో ఆటమ్‌కి సపోర్ట్ లేకుండా పోయింది. అప్‌డేట్ నొక్కినవాళ్ల నెట్‌బుక్ మళ్లీ లేవలేదు. తర్వాత ఎవరో మార్చిన కెర్నల్ తెచ్చారు, అది వేసుకున్నవాళ్లు వేసుకున్నారు. ఆపిల్‌ని అడగడానికి మాత్రం ఏ మొహం లేదు, ఆ మెషిన్లలో వేసుకోమని వాళ్లెప్పుడూ చెప్పలేదు.

రెండోది క్లోవర్ ట్రయల్, అంటే ఆటమ్ జెడ్2760 లాంటివి. విండోస్ 8తో వచ్చిన చిన్న చిన్న టూ-ఇన్-వన్‌లు. వీటికి విండోస్ 10 అధికారికంగానే ఇచ్చారు. 2017లో క్రియేటర్స్ అప్‌డేట్ వచ్చేసరికి లోపలున్న పవర్‌విఆర్ గ్రాఫిక్స్‌కి కొత్త డ్రైవర్ రాసేవాళ్లు లేక, ఈ మెషిన్ ఇక పనికిరాదని తెర మీద చూపించారు. జనం గోల చేశారు. అప్పుడు మైక్రోసాఫ్ట్ దిగొచ్చి, వాటిని 1607 వెర్షన్ మీదే ఉంచి 2023 జనవరి దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తామంది.

రెండు చోట్లా ఆగిపోయింది హార్డ్‌వేరే. తేడా ఏంటంటే రెండోవాళ్లకి అడిగే హక్కుంది, ఐదేళ్లకి పైగా గడువు దక్కింది. మొదటివాళ్లకి దక్కింది ఎవరో పుణ్యాత్ముడు చేసిన కెర్నల్. సపోర్ట్ అంటే మెషిన్ నడవడం అని బూట్‌మెనూ గారు అనుకుంటున్నారు, నా లెక్కలో అది నడవనప్పుడు జవాబు చెప్పాల్సినవాడు ఒకడుండటం.

బూట్‌మెనూ:
బాగా చెప్పారు, కానీ ఇప్పుడు విండోస్ 10 విషయంలో మాత్రం జవాబు చెప్పేవాడు ఎవడున్నాడు? గడువు అయిపోయింది, పొమ్మన్నారు. ఏ దారి పట్టినా అనాథే అయినప్పుడు కొత్తది వాడుకోవడం మేలు కదా.

పెంగ్విన్‌పక్షం:
అనాథ ఎందుకవ్వాలి? లినక్స్ మింట్ 22, ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికపాటి డెస్క్‌టాప్‌తో వేయండి, 2029 దాకా అప్‌డేట్లు అధికారికంగా వస్తాయి, ఏ చెక్కూ దాటించక్కర్లేదు. కేబీ లేక్ గ్రాఫిక్స్ డ్రైవర్ కెర్నల్‌లోనే ఉంది. ఇంటెల్ చిప్‌ల మీద వీడియో డీకోడింగ్ హార్డ్‌వేర్‌తో జరిగేలా ఫైర్‌ఫాక్స్ 115 నుంచీ దానంతటదే ఆన్ అయి ఉంది, ఫ్యాన్ లేని మెషిన్‌కి అది చాలా ముఖ్యం. 4 జీబీలో విండోస్ 11 ఖాళీగా కూర్చునే సగం తినేస్తుంది, రెండు ట్యాబ్‌లు తెరవగానే ర్యామ్ చాలక ఎస్‌ఎస్‌డీ మీదకి స్వాప్ మొదలు. అసలు ఇక్కడ పెద్ద సమస్య సీపీయూ జాబితా కాదు, ఆ 4 జీబీ. దాని గురించి ఒక్కరూ మాట్లాడరేం?

రాత్రిడ్యూటీ:
మా ఇంట్లో పెద్దవాళ్ల లాప్‌టాప్‌కి లినక్స్ వేసి నేనే చూసుకుంటున్నా కాబట్టి చెప్తున్నా, బ్రౌజర్‌తో ఒక్క గొడవా రాలేదు. గొడవంతా చుట్టూ ఉండేవాటితో. వేలిముద్ర రీడర్ పనిచేయదు, ఎవరో పంపిన వర్డ్ ఫైల్‌లో అక్షరాలు పక్కకి జరిగిపోతాయి, పక్కింటి అబ్బాయి సాయం చేద్దామని వచ్చి తెర చూసి "ఇదేంటో నాకు తెలీదు ఆంటీ" అని వెళ్లిపోతాడు. ఆ చివరిది చిన్న విషయం అనుకోకండి. విండోస్ అయితే ఎవరో ఒకరు చూసిపెడతారు. లినక్స్ అయితే మీరొక్కరే దిక్కు.

పెంగ్విన్‌పక్షం:
కిటుకుతో వేసిన 11కి మాత్రం పక్కింటి అబ్బాయి మోసెటప్ కీ పెడతాడా?

రాత్రిడ్యూటీ:
పెట్టడు. కానీ ప్రింటర్ కలుపుతాడు, రోజూ కావాల్సింది అది.

కెర్నల్‌గది:
సెక్యూరిటీ గురించి రెండు ముక్కలు, ఎందుకంటే రెండు వైపులా తప్పుగానే వాడుతున్నారు. 11లో చెప్పుకోదగ్గ రక్షణ మెమరీ ఇంటిగ్రిటీ, అంటే చెడ్డ కోడ్ కెర్నల్‌లోకి చొరబడకుండా చూసేది. దాన్ని తేలిగ్గా నడిపించే ఎంబెక్ అనే సదుపాయం ఇంటెల్‌లో కేబీ లేక్ నుంచే ఉంది. ఆరో తరమూ అంతకుముందువీ దాన్ని సాఫ్ట్‌వేర్‌తో నెట్టుకురావాలి, అందుకే వాటిలో ఆన్ చేస్తే మెషిన్ మందగిస్తుంది. కాబట్టి ఏడో తరాన్ని పక్కనపెట్టడానికి ఈ కారణం మాత్రం అతకదు, అక్కడ బూట్‌మెనూకే నా ఓటు. అయితే జాబితాలో లేని చిప్ మీద అది దానంతటదే ఆన్ కాకపోవచ్చు, సెట్టింగ్స్‌లో చూసుకోవాలి. ఆఫ్‌లోనే వదిలేసి, సెక్యూరిటీ కోసం 11కి మారాం అంటే అర్థం లేదు.

ఇంకోటి. సెక్యూర్ బూట్‌కి వాడే మైక్రోసాఫ్ట్ 2011 సర్టిఫికెట్ల గడువు 2026 జూన్ నుంచి తీరిపోవడం మొదలవుతుంది. మెషిన్ బూట్ అవ్వడం ఆగదు, కానీ కొత్త సర్టిఫికెట్లు చేరకపోతే బూట్ దశకి సంబంధించిన కొత్త రక్షణలు అందవు. ఇది విండోస్ వేసినా లినక్స్ వేసినా తగిలేదే, పాత లాప్‌టాప్‌లకి ఫర్మ్‌వేర్ అప్‌డేట్లు ఇవ్వడం కంపెనీలు చాలావరకు ఎప్పుడో మానేశాయి.

షార్ట్‌కట్:
ఇంత గొడవెందుకు, విండోస్ 10 ఐఓటీ ఎంటర్‌ప్రైజ్ ఎల్‌టీఎస్‌సీ 2021 (ఎక్కువ ఏళ్లు సపోర్ట్ ఉండే, సంస్థల కోసం చేసిన రకం) వేసేస్తే 2032 జనవరి దాకా అప్‌డేట్లు. అయిపోయింది.

నిదానం:
ఆ లైసెన్స్ మీకూ నాకూ విడిగా అమ్మరు. ఎవరో పెట్టిన ఐఎస్ఓ, ఎవరో ఇచ్చిన యాక్టివేటర్ వేసిన మెషిన్‌లో అమ్మగారు బ్యాంకు పాస్‌వర్డ్ కొడతారు. దానికంటే సపోర్ట్ అయిపోయిన విండోస్ 10 నయం.

షార్ట్‌కట్:
అయితే టైనీ11, అంటే అనవసరమైనవి తీసేసి చిన్నగా చేసిన విండోస్ 11.

కెర్నల్‌గది:
టైనీ11 స్క్రిప్ట్‌తో అసలు ఐఎస్ఓ నుంచి మీరే తయారు చేసుకుంటే ఓ రకం, ఎవరో చేసి పెట్టింది దింపుకుంటే మళ్లీ పై గొడవే. కోర్ అనే మరీ చిన్న రకం జోలికి అసలు పోకండి, దానికి తర్వాత అప్‌డేట్లు వేయడం కుదరదు, అది పరీక్షలకి వాడుకునేది.

నిదానం:
చిన్నతెర గారూ, ఒకటి ఎవరూ అనలేదు. విండోస్ 10కి ఈఎస్‌యూ అని ఒక ఏడాది పొడిగింపు ఇళ్లలో వాడేవాళ్లకీ ఇచ్చారు, 2026 అక్టోబర్ 13 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సైన్ ఇన్ అయి సెట్టింగ్స్ సింక్ చేస్తే డబ్బు కూడా కట్టక్కర్లేదు. అమ్మగారికి తెర మీద ఏమీ మారదు.

బూట్‌మెనూ:
అంటే వాయిదా. అక్టోబర్‌లో మళ్లీ ఇదే చర్చ.

నిదానం:
వాయిదా వేస్తే తప్పేముంది? ఈలోగా లినక్స్ పెన్‌డ్రైవ్ నుంచి లైవ్‌లో నడిపి, వైఫై, కెమెరా, మైకు, మూత మూసి తెరిస్తే నిద్రలేస్తుందా, అన్నీ చూసుకోవచ్చు. డిస్క్ మీద ఏదీ పోదు.

చిన్నతెర:
అందరికీ థాంక్స్. నాకు నచ్చింది చెప్తాను, మీకు నచ్చకపోవచ్చు. నేను మెషిన్ పక్కనే ఉండుంటే మాత్రం బూట్‌మెనూ గారు చెప్పినట్టు ఈ రాత్రే 11 వేసేసేవాణ్ని, అందులో నాకు అనుమానం లేదు. ఉండను కాబట్టి ఇప్పటికి ఈఎస్‌యూ. వేసవిలో వెళ్లినప్పుడు మింట్ లైవ్‌లో పెట్టి ఆవిడకే ఇచ్చి చూస్తా, వీడియో కాల్ సరిగ్గా వస్తే అదే. రాకపోతే 11 వేసి, పెద్ద వెర్షన్ పని నేను వెళ్లినప్పుడల్లా చూసుకుంటా.

పెంగ్విన్‌పక్షం:
వీడియో కాల్ యాప్‌లో కాకుండా బ్రౌజర్‌లో చేసి చూడండి, మీ అనుమానం సగం తీరిపోతుంది.

బూట్‌మెనూ:
నా దృష్టిలో ఇది ఇంకా అనవసరమైన జాగ్రత్తే. సరే, మీ ఇష్టం. ఏ దారి పట్టినా డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి ఉందేమో చూసి, బిట్‌లాకర్ (డిస్క్‌కి విండోస్ వేసే తాళం) రికవరీ కీ ముందే కాగితం మీద రాసిపెట్టుకోండి. సెక్యూర్ బూట్ సెట్టింగ్ ముట్టుకోగానే అది అడుగుతుంది, అప్పుడు ఫోన్‌లో 48 అంకెలు చెప్పించుకోవాలంటే చుక్కలు కనిపిస్తాయి.

చిన్నతెర:
ఆ కీ ఏ అకౌంట్‌లో ఉందో ఆవిడకీ తెలీదు, నాకూ తెలీదు. ముందు అది వెతకాలి.