యుద్ధానికి వెళ్ళని అమెరికన్ ప్రొపెల్లర్ ఫైటర్లలో మీకు ఇష్టమైనది ఏది?

బాల్సా_చెక్క:

అందరికీ నమస్కారం. పని అయ్యాక రాత్రిళ్ళు చెక్కతో విమానాల నమూనాలు చేస్తుంటాను. నాలుగు నెలలుగా ఒకే విమానం పట్టుకుని కూర్చున్నాను: కర్టిస్ ఎక్స్‌పీ-55 అసెండర్. ఎలివేటర్ (విమానం ముక్కుని పైకీ కిందికీ తిప్పే పలక) ముక్కు మీద, ఇంజన్ వెనక, ప్రొపెల్లర్ ఇంకా వెనక. పైలట్ దూకాల్సి వస్తే ఆ ప్రొపెల్లర్ తనను నరికేయకుండా, ముందు దాన్నే ఊడగొట్టే లివర్ కాక్‌పిట్‌లో పెట్టారు. ఆ ఒక్క లివర్ గురించి చదివాకే దీని మీద మనసు పడింది.

నా గ్లైడర్ మాత్రం మాట వినడం లేదు. ముక్కులో సీసం ముక్క కొంచెం తగ్గిస్తే చాలు, గాల్లో పల్టీ కొట్టి వెల్లకిలా పడుతుంది. అసలు విమానానికీ ఇలాంటిదే జరిగింది. 1943 నవంబర్ 15న టెస్ట్ పైలట్ హార్వీ గ్రే స్టాల్ (రెక్క గాల్లో పట్టు కోల్పోయి విమానాన్ని మోయలేకపోవడం) పరీక్ష చేస్తుంటే అది తిరగబడి, వెల్లకిలానే 16,000 అడుగులు పడిపోయింది. ఆయన దూకి బతికారు.

నా ప్రశ్నలు రెండు. తయారై, యుద్ధం చూడకుండా ఆగిపోయిన అమెరికన్ ప్రొపెల్లర్ ఫైటర్లలో మీకు బాగా నచ్చింది ఏది, ఎందుకు? రెండోది, అసెండర్ ఆలోచనే తప్పా, లేక దానికి సమయం కలిసి రాలేదా?

బెవెల్_గేర్:

నాది వాట్ ఎక్స్‌ఎఫ్5యూ. 'ఫ్లయింగ్ పాన్‌కేక్' అంటే అందరికీ గుర్తొస్తుంది. నేను ఇరవై ఏళ్ళుగా గేర్‌బాక్సుల డిజైన్‌లో ఉన్నాను, కాబట్టి దాని ఆకారం కన్నా లోపల దాగిన పని నన్ను ఎక్కువ పట్టుకుంది.

ముందు ఆలోచన చెప్తాను. ఏ రెక్క చివరనైనా కింద ఎక్కువ ఒత్తిడిలో ఉన్న గాలి పైకి చుట్టుకుని సుడి తిరుగుతుంది. రెక్క ఎంత పొట్టిగా ఉంటే ఆ నష్టం అంత ఎక్కువ. అందుకే అందరూ రెక్కలు పొడుగ్గా చేస్తారు. చార్లెస్ జిమ్మర్‌మన్ అనే ఇంజనీర్ దీన్ని ఇంకో వైపు నుంచి చూశాడు. రెక్క చివరన పెద్ద ప్రొపెల్లర్ పెట్టి, దాన్ని సుడికి ఎదురుగా తిప్పితే? సుడి బలం చాలావరకు అక్కడే తగ్గుతుంది. అప్పుడు రెక్కను గుండ్రంగా, పొట్టిగా చేసినా నష్టం లేదు. అలాంటి రెక్క ముక్కు బాగా పైకెత్తినా స్టాల్ అవ్వదు, గట్టిగానూ ఉంటుంది.

దీన్ని నమ్మించడానికి మొదట వీ-173 అనే ప్రయోగ విమానం చేశారు. చెక్క, గుడ్డ, 80 హార్స్‌పవర్ ఇంజన్లు రెండు, అంతే. ప్రొపెల్లర్లు మాత్రం ఒక్కోటి 16 అడుగుల పైన. అవి నేలకు తగలకూడదని చక్రాల కాళ్ళు కొంగ కాళ్ళంత పొడుగు పెట్టారు. నేల మీద నిలబడితే ముక్కు ఆకాశం వైపే, అందుకే పైలట్‌కి కిందికి కనపడేలా ముక్కు అడుగున అద్దాలు అమర్చారు. 1942 నవంబర్ 23న కనెక్టికట్‌లో టెస్ట్ పైలట్ బూన్ గైటన్ దాన్ని మొదటిసారి ఎగరేశాడు. అట్లాంటిక్‌ని ఒంటరిగా దాటిన చార్లెస్ లిండ్‌బర్గ్ కూడా తర్వాత నడిపాడు. ఎదురుగాలి బాగా వీస్తే దాదాపు నిలువునా లేచేది. ఒకసారి ఇసుక తీరంలో దించాల్సి వచ్చి తిరగబడింది. పైలట్‌కి ఏమీ కాలేదు, విమానానికీ పెద్ద దెబ్బ తగల్లేదు.

ఇక ఫైటర్ దగ్గరికి వస్తే, నా ప్రాణం అక్కడే ఉంది. ఇంజన్లు లోపల, ప్రొపెల్లర్లు రెక్క చివరల్లో. మధ్యలో షాఫ్టులు, దిశ మార్చే గేర్లు. ఒక ఇంజన్ ఆగినా రెండు ప్రొపెల్లర్లూ తిరగాలి, లేకపోతే ఆ ఆకారం ఒక పక్కకు దొర్లిపోతుంది. అందుకని రెండు ఇంజన్లనీ ఒకదానితో ఒకటి షాఫ్టులతో కలిపారు. ప్రొపెల్లర్ బ్లేడ్లు హెలికాప్టర్ బ్లేడ్లలా కాస్త పైకీ కిందికీ ఆడేలా చేశారు. ఈ బరువు, ఈ వేగం, ఈ మెలి అంతా ఇరుకైన రెక్కలోంచి పోవాలి. ఇలాంటి లైనులో ఒక్క గేరు పంటి కొలత తేడా వస్తే మొత్తం యంత్రం ఎలా అదురుతుందో నాకు అనుభవం. ఓ ప్రాజెక్టులో ఆ అదురు ఎక్కడ పుడుతోందో కనుక్కోవడానికి మాకు ఐదు వారాలు పట్టింది. చేతిలో కంప్యూటర్లు, సెన్సర్లు ఉన్నాయి కూడా. వాళ్ళ దగ్గర ఉన్నది స్లైడ్ రూల్, అంటే లెక్కలు చేసే జారుడు స్కేలు. ఈ డిజైన్‌ని చివరిదాకా వేధించింది ఆ అదురే. అయినా వాళ్ళు వదల్లేదు, అందుకే వాళ్ళంటే నాకు అంత గౌరవం.

యుద్ధం అయిపోయింది, జెట్లు వచ్చేశాయి. 1947 మార్చిలో నేవీ ప్రాజెక్టు ఆపేసింది. ఎక్స్‌ఎఫ్5యూ నిజంగా ఎగరనే లేదు. అల్యూమినియం రేకుల మధ్య బాల్సా చెక్క అతికించిన ఒళ్ళు దానిది. పగలగొట్టడానికి క్రేన్‌కి ఇనుప గుండు కట్టి కొట్టాల్సి వచ్చింది. నేను ఆ ఫొటో ఎక్కువసేపు చూడలేను.

వీ-173 మిగిలింది. వాట్ మాజీ ఉద్యోగులు ఏళ్ళ తరబడి బాగుచేశారు, ఇప్పుడు డల్లాస్‌లోని ఫ్రాంటియర్స్ ఆఫ్ ఫ్లైట్ మ్యూజియంలో ఉంది.

లాంబర్ట్_రన్‌వే:

బెవెల్ గారు, మీరు రాసింది చదివి పాన్‌కేక్ వైపు మొగ్గాలనిపించింది కానీ నా ఓటు మెక్‌డానెల్ ఎక్స్‌పీ-67కే. రెక్క, బాడీ, ఇంజన్ గూళ్ళు ఎక్కడ కలుస్తున్నాయో తెలియకుండా ఒకే ముద్దలా పోతపోసినట్టు ఉంటుంది. ఆరు 37 మిల్లీమీటర్ల ఫిరంగులు పెట్టాలనుకున్నారు. ఇంజన్లు మాత్రం మొదటి నుంచీ ఏడిపించాయి. 1944 జనవరిలో ఎగిరింది, సెప్టెంబర్ 6న గాల్లోనే కుడి ఇంజన్ అంటుకుంది. పైలట్ ఇలియట్ దాన్ని సెయింట్ లూయీలో లాంబర్ట్ ఫీల్డ్‌కి తెచ్చి దించాడు. మంటలు బాడీ వైపు రాకుండా గాలివాటం చూసి నిలపబోయాడు, సరిగ్గా అప్పుడే కుడి చక్రం బ్రేక్ పోయింది. విమానం పక్కకు తిరిగి మంట నేరుగా బాడీ మీదికి వచ్చింది. ఆయన బయటపడ్డాడు, విమానం కాలిపోయింది. ఉన్నదే ఒక్కటి. అంతా సరిగ్గా చేసిన మనిషికి ఒక్క బ్రేక్ అడ్డం రావడం నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

వాస్ప్_28:

రెండో ప్రశ్నకి జవాబు చెప్తాను. అసెండర్‌ని ఒంటరిగా చూడకండి. అది, వల్టీ ఎక్స్‌పీ-54, నార్త్‌రప్ ఎక్స్‌పీ-56, మూడూ కొత్త ఫైటర్ డిజైన్ల కోసం ఆర్మీ ఇచ్చిన ఆర్-40సీ అనే ఒకే పిలుపుకి పుట్టాయి. మూడింటినీ ప్రాట్ అండ్ విట్నీ వాళ్ళ ఎక్స్-1800 ఇంజన్ని నమ్ముకుని గీశారు. ఆ ఇంజన్‌ని కంపెనీ మధ్యలోనే వదిలేసింది. ఇక దొరికిన ఇంజన్‌తో సర్దుకోవాల్సి వచ్చింది. వల్టీకి లైకమింగ్, నార్త్‌రప్‌కి ఆర్-2800, కర్టిస్‌కి ఆలిసన్ వీ-1710. అసెండర్ గంటకి 390 మైళ్ళ దగ్గర ఆగిపోయింది. అప్పటికే మామూలు ఆకారంలో ఉన్న మస్టాంగ్ ఫైటర్ దాన్ని దాటేసింది. కాబట్టి ముక్కు మీద ఎలివేటర్ తప్పు అనను. స్టాల్ జబ్బుకి రెక్కల చివరలు పెంచారు, ఎలివేటర్ ఎక్కువ కదిలేలా మార్చారు, కొంత నయమైంది కూడా. అంత కష్టపడి సాధించినా మామూలు ఫైటర్ కంటే మెరుగు కాలేదు, అసలు దెబ్బ అది.

అందుకే నాకు ఇష్టమైనది వింత ఆకారం లేని రిపబ్లిక్ ఎక్స్‌పీ-72. రిపబ్లిక్ వాళ్ళ థండర్‌బోల్ట్ ఫైటర్‌లో 28 సిలిండర్ల వాస్ప్ మేజర్ ఇంజన్ పెట్టారు. 490 మైళ్ళ వేగం. వంద ఆర్డర్ ఇచ్చి కూడా రద్దు చేశారు, ఎందుకంటే అప్పటికి కావలసింది బాంబర్లకి కాపలాగా దూరం వెళ్ళే ఎస్కార్టులు.

బాల్సా_చెక్క:

అందరికీ థాంక్స్. ఇంజన్ సంగతి నాకు తట్టనే లేదు. నేను తప్పంతా ముక్కు మీదే వేస్తూ వచ్చాను.

అసెండర్ పూర్తవగానే వీ-173 మొదలుపెడతాను, రెండు చిన్న మోటార్లతో. బెవెల్ గారు, ప్రొపెల్లర్లు ఏ వైపు తిరగాలో ఒకసారి చెప్పగలరా? ఫొటోల్లో తెలియడం లేదు.

బెవెల్_గేర్:

విమానం వెనక నిలబడి చూడండి. గాలి రెక్క చివర బయటి నుంచి పైకి చుట్టుకుంటుంది కదా, దానికి ఎదురుగా వెళ్ళాలి. అంటే రెండు వైపులా బయట ఉన్న బ్లేడు కిందికి దిగాలి, లోపలి బ్లేడు పైకి లేవాలి. ఎడమది గడియారానికి ఎదురుగా, కుడిది గడియారంలా. మోటార్లు బిగించేముందు చేత్తో తిప్పి రెండుసార్లు చూసుకోండి. రెండూ కలిపే షాఫ్ట్ పెట్టాలనుకుంటే చెప్పండి, గేర్ల కొలతలు నేను గీసి పెడతాను.