చారిత్రక గృహాన్ని కళాకేంద్రంగా మార్చాలా, ఉన్నదున్నట్టు కాపాడాలా?

వసారా (చర్చ మొదలుపెట్టినవారు)

వందేళ్లు దాటిన పెద్ద ఇల్లొకటి ప్రజల చేతికి వచ్చిందనుకోండి. ఫర్నిచర్ చుట్టూ తాళ్లు కట్టి మ్యూజియంగా ఉంచాలా? లేక నాటకం, సంగీతం, చిత్రలేఖనం నేర్పే కళాకేంద్రంగా మార్చాలా? నేను కళాకేంద్రం వైపే. తాళం వేసిన ఇంట్లో పైకప్పు కారడం మొదలైనా చూసేవాళ్లుండరు. రెండు వానాకాలాలు గడిచేసరికి దూలం మెత్తబడిపోతుంది. రోజూ మనుషులు మసిలే ఇంట్లో ఆ చెమ్మ మరక వెంటనే కంటబడుతుంది. పాత కట్టడాల సంరక్షణ కోసం వివిధ దేశాల నిపుణులు రాసుకున్న 1964 నాటి వెనిస్ చార్టర్ ఐదో అధికరణం కూడా, సమాజానికి పనికొచ్చేలా వాడితే కట్టడాన్ని కాపాడుకోవడం సులువవుతుందనే అంటుంది.

పాతగోడ

ఆ అధికరణంలో సగమే చెప్పారండీ. అలాంటి వాడకం కట్టడం అమరికనీ అలంకరణనీ మార్చకూడదని కూడా అందులోనే ఉంది. కళాకేంద్రం అనగానే ముందు పడేది మధ్యగోడ. హాలు కావాలి, వేదిక కావాలి, గ్రీన్‌రూమ్ కావాలి. ముందు గదుల్లో నగిషీలుంటాయి కాబట్టి వాటి జోలికి ఎవరూ వెళ్లరు. వంటిల్లు, కొట్టుగది, పనివాళ్లు పడుకున్న గది పోతాయి. ఆ ఇంట్లో ఆడవాళ్లూ పనివాళ్లూ ఎలా బతికారో చెప్పే ఆనవాళ్లు మిగిలేది అక్కడే కదా! యజమాని ఫొటో మాత్రం గోడ మీద ఉంటుంది, మిగతావాళ్ల గుర్తులన్నీ సిమెంటు కింద పోతాయి. దాన్ని సంరక్షణ అని నేననలేను.

తెరవెనుక

నాటకం ఆడేవాడిగా చెబుతున్నాను. మాకు గోడలు కొట్టిన హాలే కావాలని ఎవరు చెప్పారు? కోల్‌కతాలోని జోరాసాంకో ఠాగూర్ల ఇల్లు చూడండి. 1881లో రవీంద్రుడు రాసిన గీతనాటకాన్ని ఆ ఇంట్లోనే ఆడారు, వాల్మీకి వేషం ఆయనే కట్టారు. ఆ ప్రాంగణమే 1962 నుంచి రవీంద్ర భారతి విశ్వవిద్యాలయానికి నెలవైంది. కళ ఆ ఇంటికి బయటి నుంచి వచ్చింది కాదు, ఇంట్లో ఉన్నదే. యాభై మంది చుట్టూ కూర్చుంటే నటుడి ఊపిరి కూడా వినబడుతుంది. నాలుగొందల సీట్ల హాల్లో అది దొరకదు. మాకు చిన్న గది చాలు, దాని అద్దె మేం కట్టగలిగేలా ఉంటే చాలు.

దూలం

పాత కట్టడాల మరమ్మతులు చేస్తుంటాను. గోడ కొట్టాలా వద్దా అన్నదానికన్నా నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది పై అంతస్తు. కట్టడం ఎంత బరువు మోయాలో చెప్పే భారతీయ ప్రమాణం ఐఎస్ 875 ప్రకారం ఇంటి నేలకు చదరపు మీటరుకు సుమారు 200 కిలోల బరువు లెక్క వేస్తారు. బిగించిన సీట్లు లేని సభామందిరానికి అది సుమారు 500 కిలోలు. పైగా ఇవి ఇప్పటి కట్టడాలకు వేసే లెక్కలు. ఆ రోజుల్లో మేస్త్రీ అనుభవంతో వేసిన కర్ర దూలానికి ఏ లెక్కా ఉండదు, దాని చివర గోడలో ఎంత చివికిందో పైనుంచి కనబడదు. దాని మీద ముప్పై మంది ఒకే తాళానికి అడుగు వేస్తే, ఆ ఊపు నిలబడిన మనుషుల బరువుకన్నా ప్రమాదం. అందుకే నాట్యం కింద అంతస్తులోనే ఉండాలి. బొమ్మలు వేసుకోవడం, చదువుకోవడం, వీణ పాఠాలు పైన పెట్టుకోవచ్చు. అదీ దూలాల చివర్లు విప్పి పరీక్షించాకే, ఒకేసారి ఎంతమంది ఎక్కవచ్చో మెట్ల దగ్గర రాసి పెట్టాకే.

రెండోది సిమెంటు. ఇది చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. సున్నంతో కట్టిన గోడ నేల నుంచి చెమ్మ పీలుస్తుంది, మళ్లీ పైపూత గుండా వదిలేస్తుంది. "శుభ్రంగా ఉంటుంది" అని దానికి సిమెంటు పూత పూసి, పైన ప్లాస్టిక్ పెయింట్ వేస్తారు. చెమ్మకి దారి మూసుకుపోయి ఇంకా పైకి ఎక్కుతుంది, లోపల ఉప్పు పేరుకుని ఇటుక పొడిపొడిగా రాలుతుంది. బయటికి కొన్నేళ్లు కొత్తగానే కనిపిస్తుంది. పూత ఊడేసరికి లోపల ఇటుక మిగలదు. సున్నపు గోడకు సున్నపు గారే వేయాలి. వైర్ల కోసం గోడ తవ్వకుండా పైప్ పైనుంచే తీసుకెళ్లాలి. బొమ్మలకు మేకులు కొట్టకుండా, గోడ పైభాగాన ఒకే పట్టీ బిగించి దానికే వేలాడదీయాలి. కొత్తగా ఏది చేర్చినా రేపు ఊడదీయగలిగేలా ఉండాలి.

పెద్ద హాలు తప్పదంటే పక్కన కట్టండి. ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్‌లో కెటిల్స్ యార్డ్ అనే ఇంటిని, కళాఖండాలు సేకరించే జిమ్ ఈడ్ తన బొమ్మలూ రాళ్లతో సహా 1966లో విశ్వవిద్యాలయానికి ఇచ్చేశారు. కచేరీలకూ ప్రదర్శనలకూ 1970లో ఇంటికి ఆనించి కొత్త భాగం కట్టారు, ఈడ్ బతికిన గదులు గదులుగానే ఉన్నాయి.

పాతగోడ

దూలం గారి షరతులన్నీ రాతపూర్వకంగా ఉంటే నా అభ్యంతరం సగం తగ్గుతుంది. మిగతా సగం డబ్బు గురించి. ఇలాంటి చోట్ల కరెంటు బిల్లుకీ, కాపలా మనిషి జీతానికీ చాలక మెల్లగా ఫంక్షన్లకు అద్దెకివ్వడం మొదలవుతుంది. షామియానా కోసం గచ్చులో గుంతలు, వసారాలో గ్యాస్ పొయ్యిలు, రాత్రి దాకా స్పీకర్లు. నాటకం వాళ్లు తేదీ అడిగితే ఖాళీ లేదంటారు. అప్పుడు ఇల్లూ దక్కదు, కళా దక్కదు.

వసారా

ఆ భయం నిజమే, అయినా నా వైపు మారను. మ్యూజియంకీ కాపలా మనిషీ కరెంటు బిల్లూ ఉంటాయి. ఒకసారి చూసినవాళ్లు మళ్లీ రారు. వారం వారం పాఠానికి వచ్చే పిల్లలుంటే, వాళ్ల తల్లిదండ్రులే ఆ ఇంటి కోసం నిలబడతారు. పాతగోడ గారు చెప్పిన వంటింటి మాట మాత్రం నేను వదలను. మరమ్మతు మొదలవకముందే ప్రతి గదినీ ఫొటో తీసి, కొలిచి, అక్కడ ఎవరు ఏం పని చేసేవారో ఆ ఇంటి పాతవాళ్లను అడిగి రాసుకోవాలి. పొయ్యి గట్టు కదపకూడదు, కావాలంటే దాని పక్కనే మట్టిబొమ్మల తరగతి పెట్టుకోవచ్చు. ఇక అద్దె సంగతి: ఏడాదిలో ఇన్ని రోజులు కళలకే అని ఇల్లు అప్పగించే పత్రంలోనే రాయించాలి. తర్వాత వచ్చే కమిటీ మంచితనం మీద వదిలేయకూడదు.

తెరవెనుక

ఆ పత్రంలో ఇంకోటి చేర్చండి. చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లకు ర్యాంపు, ఆడవాళ్లకు శుభ్రమైన టాయిలెట్, బయటికి తెరుచుకునే రెండో తలుపు. పాత ఇళ్లలో మెట్ల దారి ఒక్కటే, పైకప్పు కర్రది, మేం లైట్లు పెడితే వేడి. ఇవి లేకుండా ఆ ఇల్లు అందరిదీ అనలేం. వీటిని ఎక్కడ పెడితే పాత గోడకు దెబ్బ తగలదో దూలం గారు చెప్పాలి.

దూలం

టాయిలెట్లు ఇంటి లోపల వద్దు, నీళ్ల లీకేజీ దూలాలకు చేటు. పెరట్లో విడిగా కట్టి, కప్పున్న నడవతో కలపండి. ర్యాంపుకి ఉక్కు ఫ్రేము చాలు, గోడకు అంటకుండా నిలబడుతుంది. రెండో తలుపుకి కొత్త కన్నం పెట్టక్కర్లేదు. చాలా పాత ఇళ్లకు పెరటి గుమ్మం ఉంటుంది, ఎప్పుడో ఇటుకలు పేర్చి మూసేసి ఉంటారు. ముందు అది వెతకండి.