చదరపు అడుగు రేటుకు ఇల్లు కట్టించుకుంటున్నాం: ఒప్పందంలో ఏమేం రాయించుకోవాలి?

హొరమావు సైటు యజమాని:
బెంగళూరు హొరమావులో మాకు ముప్పై-నలభై అడుగుల సైటు ఉంది. కింద ఒక పోర్షను, పైన ఒక పోర్షను వేయాలని ఆలోచన. మెటీరియల్‌తో సహా చదరపు అడుగుకు ఇంత అంటూ కాంట్రాక్టరు గారు రెండు పేజీల కాగితం ఇచ్చారు. అందులో ‘మంచి సిమెంటు, మంచి స్టీలు, స్టాండర్డ్ ఫిట్టింగులు’ అని తప్ప వివరం లేదు. పని మొదలుపెట్టకముందే 20 శాతం అడ్వాన్సు అడుగుతున్నారు. మా బంధువులకూ కట్టిన మనిషే. అయినా సంతకానికి ముందు ఏవేవి తేల్చుకోవాలో తెలిసినవారు చెప్పగలరు.

సైటు ఇంజినీరు:
రేటు మీద బేరమాడే ముందు, ఆ రేటును ఎన్ని చదరపు అడుగులతో గుణిస్తారో తేల్చుకోండి. తగాదాలు ఎక్కువగా అక్కడే పుడతాయి. బాల్కనీకి పూర్తి రేటా, సగమా? కారు నిలిపే చోటుకూ, డాబా మీది మెట్ల గదికీ ఎంత? సంపును లీటర్ల లెక్కన, ప్రహరీని అడుగుల లెక్కన విడిగా వేయడం ఇక్కడ మామూలే కాబట్టి, రేటులో కలిసినవీ కలవనివీ పేరుపేరునా రాయించండి.

‘మంచి స్టీలు’ అనే మాటతో ఎవరినీ నిలదీయలేరు. గ్రేడు ఎఫ్‌ఈ 500డి అనో 550డి అనో, ఏయే కంపెనీలదో ఉండాలి. కాంక్రీటు పనులకు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం స్లాబుకూ స్తంభాలకూ కాంక్రీటు ఎం20 గ్రేడుకు తగ్గకూడదు. స్ట్రక్చరల్ డ్రాయింగులను ఒప్పందానికి జతచేసి, ప్రతి పేజీ మీద ఇద్దరూ సంతకాలు పెట్టండి. స్లాబు వేసే ముందు కడ్డీలు కట్టిన తీరును మీ ఇంజినీరు చూసి సరే అన్నాకే కాంక్రీటు పోయాలన్న షరతు తప్పనిసరి. కడ్డీలకు కింద ఎడం ఉంచే కవర్ బ్లాకులు ఉండాల్సిన చోట కంకర రాళ్లు దూర్చి కడ్డీలు ఎత్తిపెట్టడం నేను ఇప్పటికీ చూస్తూనే ఉన్నాను. కాంక్రీటు పడ్డాక అది ఎవరి కంటికీ కనబడదు.

విద్యారణ్యపుర వాసి:
20 శాతం చాలా ఎక్కువండీ. అడ్వాన్సు తక్కువగా ఉంచి, మిగతాది పునాది, స్లాబు, గోడలు, ప్లాస్టరింగు, టైల్స్ అంటూ పూర్తయిన పనికి మాత్రమే చెల్లించేలా రాసుకోండి. చివరి 5 శాతం ఒక వానాకాలం గడిచేదాకా మీ దగ్గరే ఉండనివ్వండి. అదనపు పని ఏదైనా, రేటు రాతపూర్వకంగా ఒప్పుకున్నాకే మొదలుపెట్టాలి.

నీళ్ల సంగతి కూడా చూడండి. 2024 మార్చిలో నీటి ఎద్దడి వచ్చినప్పుడు జలమండలి కట్టడాలకు తాగునీరు వాడరాదని చెప్పి, 5,000 రూపాయల జరిమానా పెట్టింది. అప్పుడు ట్యాంకర్ల ఖర్చు ఎవరిదన్న మాట మా కాగితంలో లేకపోవడంతో క్యూరింగు (కాంక్రీటును, గోడలను తడపడం) మీద రోజూ వాదనే.

అడ్వకేటు:
సొంత సైటులో కాంట్రాక్టరు చేత కట్టించుకునే ఇంటికి రెరా (స్థిరాస్తి నియంత్రణ చట్టం) వర్తించదు. బిల్డర్ల ప్రాజెక్టుల్లో నిర్మాణ లోపాలకు ఆ చట్టం ఇచ్చే అయిదేళ్ల బాధ్యత మీకు కావాలంటే ఒప్పందంలోనే రాయించుకోవాలి. అయితే 2019 వినియోగదారుల రక్షణ చట్టం గృహ నిర్మాణాన్ని సేవగానే చూస్తుంది కనుక, లోపం ఉంటే కమిషన్‌కు వెళ్లవచ్చు. మెటీరియల్‌తో కలిపిన కాంట్రాక్టుకు 18 శాతం జీఎస్టీ ఉంటుంది. విడి ఇంటికి కూలి మాత్రమే ఇచ్చే ఒప్పందమైతే ఉండదు. చెప్పిన రేటులో ఆ పన్ను కలిసిందో లేదో అడగండి. ఒకే ఆర్థిక సంవత్సరంలో కాంట్రాక్టరుకు చెల్లించేది 50 లక్షలు దాటితే టీడీఎస్ (చెల్లింపులోంచే పన్ను మినహాయించి ప్రభుత్వానికి కట్టడం) కోత బాధ్యత మీదే.

హొరమావు సైటు యజమాని:
అందరికీ ధన్యవాదాలు. బాల్కనీకి సగం రేటే అని కాంట్రాక్టరు గారు ఒప్పుకున్నారు. ట్యాంకర్ల ఖర్చు మాత్రం మామీదే వేస్తామంటున్నారు.

విద్యారణ్యపుర వాసి:
ఒప్పుకోండి, కానీ ఆ మేరకు రేటు తగ్గించమనండి. రోజూ తడపాల్సిన బాధ్యత మాత్రం ఆయనదేనని అదే వాక్యంలో చేర్పించండి.