టమాట తర్వాత బర్ల మేతకు అలసంద, పిల్లిపెసర, జనుము: నులిపురుగును ఏది ఆపుతుంది?

చేవెళ్ల_పాడి: చల్కా (ఎర్ర ఇసుక) నేల. టమాట పీకితే వేళ్లన్నీ బుడిపెలే, వేర్లోకి దూరే కంటికి కనపడని నులిపురుగు (నెమటోడ్) పనే. వానాకాలం మేతకు ఈ మూడింట్లో ఏది వేయాలె? విత్తనం ఎంత? తడులెన్ని?

శంషాబాద్_రైతు: జనుమే. పిల్లపురుగు వేర్లోకి దూరినా ఎదిగి గుడ్లు పెట్టలేదు. ఎకరాకు 12-15 కిలోలు చల్లి, 45-50 రోజులకు పూతలో కలియదున్నండి.

గడ్డికోత: అన్నా, ఆయన అడిగింది మేత! జనుము గింజల్లో కాలేయాన్ని దెబ్బతీసే ఆల్కలాయిడ్లుంటాయి. పెట్టాలంటే పూతకు ముందే కోసి, వేరే గడ్డిలో కొంచెమే కలపాలె.

మొయినాబాద్_77: అలసంద వేయండి. వేళ్లకు బుడిపెలొస్తే భయం లేదు, అవి గాలిలోని నత్రజనిని పట్టే బుడిపెలు.

వేరుపరీక్ష: ఈ మాటతోనే పొలాలు పాడైతున్నయి. నత్రజని బుడిపె వేరు పక్కన అతికినట్టుంటది, గోటితో గీకితే ఊడొస్తది, కోస్తే లోపల గులాబీ రంగు. పురుగు బుడిపె అంటే వేరు తానే ఉబ్బుతది. గీకితే వేరు చిట్లుతది.

మొయినాబాద్_77: ముదిరిన నత్రజని బుడిపెలో గులాబీ ఎక్కడుంటది? ఆకుపచ్చకో గోధుమకో తిరుగుతది. రంగు చూసి తీర్పు చెప్పకండి.

వేరుపరీక్ష: అందుకే గోటి పరీక్ష ముందు చెప్పిన, చదవండి! రెండు రకాలూ ఒకే వేరు మీద ఉండొచ్చు.

నెమటోడ్_లెక్క: పదిహేనేళ్లుగా వేళ్లు లెక్కబెడుతున్న, వినండి. ఒక మొక్కకు బుడిపెలు లేకుంటే మార్కు 0, 1-2 ఉంటే మార్కు 1, 3-10కి 2, 11-30కి 3, 31-100కి 4, 100 దాటితే 5. కానీ బుడిపె తక్కువని నమ్మొద్దు, పురుగు వేరు మీద పెట్టే గుడ్ల సంచులు చూడాలె. లీటరు నీళ్లకు 0.15 గ్రాముల ఫ్లాక్సిన్ బి అనే రంగు కలిపి, కడిగిన వేళ్లను 15-20 నిమిషాలు నానబెడితే సంచులు ఎర్రబడతయి. చేను పచ్చగున్నా పురుగు పెరుగుతుంటే అది తట్టుకున్నట్టే, నిరోధించినట్టు కాదు. తర్వాతి టమాటకే దెబ్బ.

గడ్డికోత: ఎకరాకు 200 కిలోల వేపపిండి వేస్తే ఈ లెక్కలెందుకు?

నెమటోడ్_లెక్క: వేపపిండి పురుగును తగ్గిస్తది, మీ విత్తనం గుణం చెప్పదు. అలసంద అంతా ఒకటి కాదు, నిరోధక జన్యువు రకాన్ని బట్టి. నాటు విత్తనమైతే కుండీల్లో చూడాలె. పురుగున్న టమాట వేళ్లు సన్నగా తరిగి ఒకే మట్టిలో కలిపి, అన్ని కుండీలకూ అదే నింపండి. మూడు పంటలు, పక్కన మామూలు టమాట, ఒక్కోటి ఐదు కుండీలు. 45 రోజులకు కడిగి చూడండి. టమాటకే బుడిపెలు రాకుంటే ఆ పరీక్ష చెల్లదు.

చేవెళ్ల_పాడి: కుండీలు ఇయ్యాలనే పెడత. తడుల సంగతి ఎవరన్నా చెప్పండి!