మహమూద్ ఎల్ గోహరీని రక్షణాత్మక కోచ్ అనడం న్యాయమేనా?

ప్రశ్న

ఈజిప్ట్ ఫుట్‌బాల్ చరిత్ర చదువుతున్నకొద్దీ మహమూద్ ఎల్ గోహరీ విషయంలో నాకొక సందేహం బలపడుతోంది. కైరో క్లబ్ అల్ అహ్లీ ఫార్వర్డ్‌గా పేరు తెచ్చుకుని, 1959లో కైరోలో జరిగిన ఆఫ్రికా కప్‌లో ఇథియోపియాపై హ్యాట్రిక్ కొట్టి, ఆ టోర్నీలో అందరికంటే ఎక్కువ గోల్స్ చేసి, మోకాలి గాయంతో ఆటకు త్వరగా దూరమైన మనిషి ఆయన. అలాంటి ఆటగాడు కోచ్ అయ్యాక 1990 ప్రపంచకప్‌లో ఐర్లండ్‌పై తన జట్టు చేత ఆడించిన 0-0 మ్యాచ్‌ను విసుగు పుట్టించే ఆటకు ఉదాహరణగా ఇప్పటికీ చెప్పుకుంటారు. గోల్‌కీపర్ అహ్మద్ షుబేర్ బంతిని డిఫెండర్‌కు అందించడం, అతడు దాన్ని మళ్లీ షుబేర్ చేతుల్లోకే తన్నడం చూసినవారికి కోపం రావడం సహజమే. అయితే ఆ ఒక్క ఆటను పట్టుకుని ఆయన కోచింగ్ జీవితమంతటికీ రక్షణాత్మకమన్న ముద్ర వేయడం సమంజసమేనా?

మొదటి సమాధానం

ఆ మ్యాచ్‌ను గ్రూపు లెక్కల నుంచి విడదీసి చూడకూడదని నా అభిప్రాయం. ఈజిప్ట్ అంతకుముందు ప్రపంచకప్ ఆడింది 1934లో. 1989 నవంబరులో కైరోలో అల్జీరియాపై హొసామ్ హసన్ తలతో కొట్టిన ఒకే ఒక్క గోల్‌తో మళ్లీ అర్హత సంపాదించిన ఆ జట్టుకు, ఐరోపా విజేత నెదర్లాండ్స్, ఇంగ్లండ్, ఐర్లండ్ ఉన్న గ్రూపు దక్కింది. తొలి మ్యాచ్‌లో నెదర్లాండ్స్‌పై ధైర్యంగా దాడికి దిగి, మగ్దీ అబ్దెల్ ఘనీ పెనాల్టీతో 1-1గా ముగించారన్న సంగతిని ఐర్లండ్ మ్యాచ్ గురించి మాట్లాడేవారు తరచుగా మరచిపోతారు. రెండేసి మ్యాచ్‌లు ముగిసేసరికి నాలుగు జట్లూ రెండేసి పాయింట్లతో సమానంగా ఉన్నాయి. ఇంగ్లండ్‌తో చివరి మ్యాచ్‌లో ఆ జట్టు ఆటగాడు మార్క్ రైట్ గోల్ పడకుండా 0-0గా ముగిసి ఉంటే, ఈజిప్ట్, ఇంగ్లండ్ అన్నిటా సమానమై, మూడో స్థానం ఎవరిదో చీటీ తీసి తేల్చవలసి వచ్చేది. మూడు పాయింట్లతో మూడో స్థానంలో నిలిచిన జట్లన్నీ ఆ ఏడాది ముందుకు వెళ్లాయి కూడా. ఇంత దగ్గరికి వచ్చిన పథకాన్ని పిరికితనం అనలేము. కీపర్‌కు కాలితో ఇచ్చిన బంతిని అతడు చేత్తో పట్టుకోకూడదన్న నిబంధన 1992లో గానీ రాలేదు. అప్పటికి అది నిబంధనలకు లోబడిన ఆటే.

రెండో సమాధానం

పై మిత్రుని లెక్కతో ఏకీభవిస్తాను, కానీ గోహరీ గారిని రక్షణాత్మక కోచ్ అనడంలో తప్పేమీ కనిపించడం లేదు. గోల్ ఇవ్వకపోవడమే ఆయన పునాది. అయితే ఆ పునాది మీద ఏం కట్టారన్నది చూడాలి. 1998లో బుర్కినా ఫాసోలో జరిగిన ఆఫ్రికా కప్‌లో ఈజిప్ట్ ఆరు మ్యాచ్‌లలో పది గోల్స్ కొట్టి, ఒక్కటంటే ఒక్కటి ఇచ్చింది. ఆ ఒక్కటీ మొరాకో ఆటగాడు ముస్తఫా హాజీ చివరి నిమిషాల్లో గాలిలో వెల్లకిలా లేచి కొట్టిన షాట్, దాన్ని ఆపగల డిఫెన్స్ ఏదీ ఉండదు. వయసైపోయిందని విమర్శలు ఎదుర్కొంటున్న 31 ఏళ్ల హొసామ్ హసన్‌ను జట్టులో ఉంచుకోగా, అతడు ఏడు గోల్స్ చేశాడు. ఫైనల్లో దక్షిణాఫ్రికాపై 2-0తో గెలిచి, ఆటగాడిగానూ కోచ్‌గానూ ఈ కప్ అందుకున్న తొలి వ్యక్తి అయ్యారు గోహరీ. ఈజిప్ట్ కోచ్‌గా వరుసగా మూడు కప్‌లు సాధించిన హసన్ షెహాతాకు సైతం ఆటగాడిగా అది దక్కలేదు.

ఆయన తర్వాత కోచ్‌గా పనిచేసిన జోర్డాన్ సంగతి ఇంకా ఆసక్తికరం. 2004లో తొలిసారి ఆసియా కప్ ఆడిన ఆ జట్టు, దక్షిణ కొరియా ఉన్న గ్రూపును ఒక్క గోల్ కూడా ఇవ్వకుండా దాటింది. క్వార్టర్‌ఫైనల్లో జపాన్‌తో 1-1 తర్వాత షూటౌట్‌లో జపాన్ ఆటగాళ్లు నకమురా, ఆ వెంటనే అలెక్స్ కాలు జారి గురి తప్పారు. అప్పుడు జపాన్ కెప్టెన్ మియమోతో రెఫరీతో మాట్లాడి, పెనాల్టీలను మైదానం రెండో కొసకు మార్పించారు. జోర్డాన్ 4-3తో ఓడింది. షూటౌట్ మధ్యలో గోల్‌పోస్టు మార్చడం ఇప్పటికీ నాకు మింగుడుపడని విషయం.

మూడో సమాధానం

ఆయన జాగ్రత్తకు మరో కారణం కూడా ఉందనుకుంటాను. ప్రపంచకప్‌కు తీసుకెళ్లిన కోచ్‌ను, అదే ఏడాది గ్రీస్ చేతిలో 6-1తో ఓడిన స్నేహపూర్వక మ్యాచ్ తర్వాత తొలగించారు. ఆఫ్రికా కప్ తెచ్చిన మరుసటి ఏడాదే కాన్ఫెడరేషన్స్ కప్‌లో సౌదీ అరేబియా 5-1తో ఓడించగానే మళ్లీ పంపించివేశారు. ఈ మధ్యలో, 1993లో కైరోలో జింబాబ్వేపై 2-1తో గెలిచిన అర్హత మ్యాచ్‌ను, ప్రేక్షకులు రాళ్లు విసిరినందుకు రద్దు చేసి లియోన్‌లో మళ్లీ ఆడించగా, అది 0-0గా ముగిసి ప్రపంచకప్ చేజారింది. ఒక్క పెద్ద ఓటమికి ఉద్యోగం పోయే చోట, ముందు గోల్ ఇవ్వకుండా చూసుకోవడం ఏ కోచ్‌కైనా అలవాటవుతుంది.

ప్రశ్న అడిగినవారు

జోర్డాన్ సంగతులు నాకు కొత్త. హొసామ్ హసన్ కూడా తన గురువులాగే జోర్డాన్ కోచ్‌గా పనిచేసి, 2024 ఫిబ్రవరిలో ఈజిప్ట్ జట్టు బాధ్యత చేపట్టి, 2025 అక్టోబరులో జిబూటీపై 3-0 విజయంతో 2026 ప్రపంచకప్‌కు అర్హత సాధించారు కదా. గోహరీ పద్ధతి ఆయన ఆటలో ఎంత కనిపిస్తుందో, ఆ మ్యాచ్‌లను శ్రద్ధగా చూసినవారెవరైనా వివరిస్తే బాగుంటుంది.