కొత్త ఎర్గోనామిక్ కుర్చీ కూర్చుంటే దిగిపోతోంది: బాగు చేయించాలా, డబ్బు వాపసు అడగాలా?

ప్రశ్న (మధురవాడ నుంచి):
ఇంటి నుంచే ఉద్యోగం చేస్తాను. నడుము నొప్పి భరించలేక పద్నాలుగు వేలు పోసి ఆన్‌లైన్‌లో ఎర్గోనామిక్ కుర్చీ తెప్పించుకున్నాను. కొన్నాళ్లకే దాని నాణ్యత తెలిసిపోయింది. ఉదయం ఎత్తు సరిచేసుకుని కూర్చుంటే భోజనం వేళకు మోచేతులు బల్ల అంచు కంటే కిందికి వచ్చేస్తున్నాయి. చేతులు ఆనించే దిమ్మలు ఊగుతున్నాయి. నడుముకు ఆసరా అని పెట్టిన ప్లాస్టిక్ పలక వీపు ఆనించగానే వెనక్కి వంగిపోతోంది. ఏడాది వారంటీ ఉంది కదా అంటే, సీటును పైకీ కిందికీ జరిపే గ్యాసు గొట్టానికి, అంటే సిలిండర్‌కు అది వర్తించదని ఫోనులో చెప్పి కంపెనీ వాళ్లు చేతులు దులుపుకున్నారు. కష్టపడి సంపాదించిన డబ్బు, చాలా బాధగా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు (గాజువాక నుంచి):
ఆఫీసు కుర్చీలు బాగుచేయడమే నా పని అండీ. ముందు కుర్చీని బోర్లించి చూడండి. ఎత్తు మార్చే మీట సిలిండర్ తల మీది బొత్తాన్ని కొద్దిగా నొక్కుతూనే ఉందా? అలా ఉంటే సిలిండర్ బాగున్నా సీటు దిగిపోతుంది. మీటకూ బొత్తానికీ మధ్య సందు ఉంటే మాత్రం లోపలి సీలు పోయినట్టే, సిలిండర్ మార్చాల్సిందే. లోపల నైట్రోజన్ గట్టి ఒత్తిడితో ఉంటుంది, దానికి రంధ్రం చేయడం, వెల్డింగ్ పెట్టించడం ప్రాణాపాయం. దిమ్మల మరలు బిగించినా పట్టు చిక్కకపోతే, సీటు చెక్కలో దిగగొట్టిన నట్టు వదులై తిరుగుతోందని అర్థం. అది తయారీ లోపమే.

జవాబు (ద్వారకానగర్ నుంచి):
నేను వినియోగదారుల కేసులు చూసే న్యాయవాదిని. దయచేసి ఇప్పుడే ఏదీ విప్పించకండి, మీరే పాడుచేశారని అంటారు. నేల నుంచి సీటు ఎత్తును టేపుతో కొలవండి, గంటసేపు కూర్చుని లేచాక మళ్లీ కొలవండి, రెండూ వీడియో తీయండి. ఫోనులో అన్న మాటను పట్టించుకోవద్దు. సిలిండర్‌కు మినహాయింపు ఉందని వారంటీ పత్రంలో ఎక్కడ రాశారో చూపమని ఈమెయిల్‌లో అడగండి. 2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోపు పరిష్కరించాలి. అప్పటికీ కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. ఆ తరువాత జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. కంపెనీ ఏ ఊరిదైనా, 2019 చట్టం ప్రకారం మీరు నివసించే విశాఖలోనే కేసు వేయవచ్చు. చెల్లించిన ధర 5 లక్షల లోపు కాబట్టి రుసుము ఉండదు, న్యాయవాదిని పెట్టుకోనక్కరలేదు. కేసు వేయడానికి గడువు 2 ఏళ్లు.

మధురవాడ నుంచి:
ఇద్దరికీ ధన్యవాదాలు. మీటకూ బొత్తానికీ మధ్య సందు స్పష్టంగా ఉంది. వారంటీ పత్రమంతా చదివాను, సిలిండర్‌కు మినహాయింపు అన్న మాటే లేదు. ఈమెయిల్ ఈ రాత్రికే పంపుతాను. డబ్బు వాపసు వస్తే ఎలాంటిది కొనమంటారు?

జవాబు (గాజువాక నుంచి):
ఎర్గోనామిక్ అన్న చీటీ ఏ కుర్చీకైనా అంటించుకోవచ్చు, దాన్ని నమ్మకండి. దుకాణానికి వెళ్లి కాసేపు కూర్చుని చూసి కొనండి. వీపుతో గట్టిగా నెట్టినా నడుము పలక వంగకూడదు. సిలిండర్ మీద క్లాస్ 4 (గట్టి రకం) అని ఉందా చూడండి. మన సముద్రపు గాలి తేమకు చౌక రెగ్జిన్ పొరలు పొరలుగా లేచిపోతుంది, జాలీ వీపు ఉన్నదే తీసుకోండి.