తీవ్ర స్థూలకాయానికి ఆపరేషనా, ఇంజెక్షనా?

ఉప్పల్ తమ్ముడు:
మా అన్నయ్య వయసు 46, ఎత్తు 173 సెంటీమీటర్లు, బరువు 132 కిలోలు, అంటే బీఎంఐ (ఎత్తుకు బరువు ఎంత ఉందో చెప్పే లెక్క) 44. పదేళ్లుగా షుగర్ ఉంది, నిద్రలో శ్వాస ఆగిపోతున్నందున రాత్రిపూట సీపాప్ యంత్రం పెట్టుకుంటారు. డాక్టరు గారు జీర్ణాశయాన్ని చిన్నది చేసే స్లీవ్ ఆపరేషన్ చేయించమన్నారు. వారానికో సూదితో తగ్గేదానికి కడుపు కోయించుకోవడం ఎందుకని మా వదిన గారు అంటున్నారు. మీరేమంటారు?

బోయిన్‌పల్లి మాస్టారు:
వదిన గారి మాట తీసిపారేయదగింది కాదు. ఆ వారపు సూది మందుల్లో ఒకటైన టిర్జెపటైడ్ మీద 2022లో వెలువడిన పరీక్షలో, గరిష్ఠ మోతాదు తీసుకున్నవారు 72 వారాల్లో సగటున దాదాపు 21 శాతం బరువు తగ్గారు. సూది పడకపోతే మానేయవచ్చు, స్లీవ్‌లో తీసేసిన ముప్పాతిక వంతు జీర్ణాశయం తిరిగి రాదు.

కాప్రా వాసి:
మాస్టారు గారూ, మీరు చెప్పిన పరీక్షలో షుగర్ ఉన్నవారిని చేర్చుకోలేదు. షుగర్ ఉన్నవారిపై 2023లో వచ్చిన పరీక్షలో తగ్గుదల 15 శాతం దగ్గరే ఆగింది. ఆ లెక్కన అన్నయ్య గారు 112 కిలోలకు దిగినా బీఎంఐ ఇంకా 37 ఉంటుంది. పైగా మానేయవచ్చన్నదే అసలు చిక్కు: అలాంటిదే మరో సూది మందు సెమాగ్లుటైడ్ ఆపినవారికి ఏడాది తిరిగేసరికి తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చింది. అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ వైద్యులు షుగర్ రోగులను అయిదేళ్లు గమనించి 2017లో ప్రకటించిన ఫలితాల్లో, హెచ్‌బీఏ1సీ (దాదాపు మూడు నెలల సగటు షుగర్‌ను చూపే పరీక్ష) 6 లేదా అంతకు తక్కువకు చేరినవారు మందులతో 5 శాతం, స్లీవ్‌తో 23 శాతం, బైపాస్‌తో (జీర్ణాశయాన్ని చిన్న సంచిలా చేసి నేరుగా పేగుకు కలిపే ఆపరేషన్) 29 శాతం. ఆనాటికి ఈ కొత్త సూదులు లేవన్నది నిజమే, అయినా ఈ కేసులో నా మొగ్గు ఆపరేషన్ వైపే.

అలాగని కోయించుకుంటే పని అయిపోదు. నాకు బైపాస్ జరిగినప్పుడు మొదటి రెండు వారాలు మందు కొలిచే చిన్న గ్లాసుతో పలుచని మజ్జిగ, పెసరకట్టు గుక్కగుక్కగా తాగేవాణ్ణి, రెండు గుక్కలు ఎక్కువైతే ఛాతీలో పట్టేసేది. ఏడాదిన్నరకు ఒళ్లు తేలికపడిందన్న ధీమాతో బి12 మాత్రలు మానేశాను, అరికాళ్లు తిమ్మిరెక్కి చెప్పు జారిపోయినా తెలియని స్థితి వచ్చాక మళ్లీ సూదులే వేయించుకోవలసి వచ్చింది. తప్పు పూర్తిగా నాదే.

ఇంకొక్క మాట. అన్నయ్య గారికి ఛాతీలో మంట ఉందా? ఉంటే స్లీవ్ దాన్ని పెంచవచ్చు, బైపాస్ గురించి తప్పక అడగండి. ఇప్పటిదాకా చేసిన డైట్, వాడిన మందుల కాగితాలు కూడా దాచండి. బీమా కంపెనీ వాళ్లు అవి అడగవచ్చు.

ఉప్పల్ తమ్ముడు:
మంట సంగతి మేము డాక్టరు గారికి చెప్పనేలేదండీ. అన్నయ్య దిండు కింద ఈనో పొట్లాలు ఎప్పుడూ ఉంటాయి, తిన్నది అరగక అనుకునేవాళ్లం. సోమవారం వెళ్లి ఎండోస్కోపీ గురించి అడుగుతాము, వదిన గారు కూడా వస్తానన్నారు.